ఆలస్యంగా అందిన జెండా

బెజవాడ, 1921 మార్చి 31. రైళ్లలో వచ్చినవాళ్లు స్టేషన్లో దిగుతున్నారు, పడవల్లో వచ్చినవాళ్లు కాలవగట్ల మీద దిగుతున్నారు. ఎటు చూసినా ఖద్దరే. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు కాషాయాలు కట్టి, మెడలో రుద్రాక్షలు వేసుకుని జనాన్ని సర్దుతోంది. లోపల అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుని పెద్ద పెద్ద లెక్కలు తేలుస్తోంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలి. కాంగ్రెస్‌లో కోటిమందిని చేర్చాలి. ఇరవై లక్షల రాట్నాలు తిరగాలి. అన్నిటికీ గడువు జూన్ 30.

ఈ హడావుడిలో ఒక బడిపంతులికి వేరే పని పడింది. ఆయనకు నలభై నాలుగేళ్లు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో మేష్టారు. పేరు పింగళి వెంకయ్య. గాంధీజీ ఆయన్ను పిలిచి ఒక జెండా నమూనా గీసుకు రమ్మన్నారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం బొమ్మ వుండాలి. రాట్నం వుంటే బాగుంటుందన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ ఆలోచన. అది గాంధీజీకి నచ్చింది.

తర్వాతి మూడు గంటలు ఎలా గడిచాయో కొంత ఊహించుకోక తప్పదు. రంగులు ఎక్కడ దొరికాయో, ఎవరి బల్ల మీద పరిచారో ఎవరూ రాసిపెట్టలేదు. అదే కళాశాలలోని చిత్రకళా ఉపాధ్యాయుడు ఈరంకి వెంకటశాస్త్రి గారి చెయ్యి కూడా అందులో వుందని బందరు వాళ్లు అంటారు. వుండే వుంటుంది. రాట్నం గియ్యడం చూసినంత సులువు కాదు. పెద్ద చక్రం, ఆకులు, చిన్న కదురు, రెంటినీ కలిపే తాడు, కింద పీట. ఇవన్నీ దూరం నుంచి చూసినా రాట్నంలాగే కనపడాలి, గాలికి గుడ్డ మడతపడ్డా పోల్చుకోగలగాలి. ఒకటి మాత్రం ఊహ కాదు. ఆ మేష్టారికి పత్తి సంగతి క్షుణ్ణంగా తెలుసు. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గారి దగ్గర వుండి కంబోడియా పత్తి మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన మనిషి. జనం ఆయన్ను ‘పత్తి వెంకయ్య’ అనేవాళ్లు. గింజ నుంచి నూలు దాకా ఎరిగినవాడి చేత రాట్నం గీయించడం ఆ రోజు కుదిరిన చక్కటి పొందిక.

మూడు గంటల్లో నమూనా తయారైంది. ఈ ముక్క ప్రతి ఆగస్టులోనూ, ప్రతి జనవరిలోనూ మనం మైకుల్లో వింటూనే వుంటాం. దాని వెనకాలే వచ్చే ముక్కే వినపడదు.

ఆ నమూనా ఆలస్యంగా అందింది. కమిటీ ముందు పెట్టే వ్యవధి లేకపోయింది. అంటే బెజవాడ సమావేశం జెండాను చర్చించనూ లేదు, ఆమోదించనూ లేదు. ఈ సంగతి మరెవరో చెప్పింది కాదు. ఆ ఏప్రిల్ 13 నాటి తన యంగ్ ఇండియా పత్రికలో గాంధీజీయే రాశారు. ఆలస్యం కావడం మంచిదే అయిందని కూడా అన్నారు. తీరిగ్గా ఆలోచిస్తే రెండు రంగులు చాలవనిపించింది ఆయనకు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు అనుకుంటే మిగతా మతాల వాళ్లకు చోటేదీ? అందుకని తెలుపు చేరింది. తక్కువ సంఖ్యలో వున్నవారి రంగు అన్నిటికన్నా పైన, బలగం ఎక్కువున్నవారి రంగు అడుగున. బరువు మోసేవాడు కింద నిలబడాలన్న లెక్క.

సమావేశాలు జరిగిన ప్రాంగణం పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. మహారాణి పాలనకు యాభై ఏళ్లు నిండాయని 1887లో పునాది వేసిన భవనం. బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియంగా నిలబడి వుంది. వెంకయ్య గారు జెండాను గాంధీజీ చేతిలో పెట్టింది అక్కడేనని బెజవాడ నమ్మకం. రాణిగారి జూబిలీ కోసం కట్టిన గోడల మధ్యే రాణిగారి జెండాను దించబోయే గుడ్డ పుట్టిందంటే, ఈ ఊరికి హాస్యం తక్కువేమీ కాదు.

ఇక ఆ యంగ్ ఇండియా వ్యాసంలోనే ఇంకో సంగతి వుంది. వెంకయ్య గారి పట్టుదలను ఎప్పుడూ మెచ్చుకునేవాణ్ణనీ, నాలుగేళ్లుగా జరిగిన ప్రతి కాంగ్రెస్ సభలోనూ ఆయన జెండా మాట ఎత్తుతూనే వున్నారనీ, అయినా ఆ నమూనాలేవీ తనను కదిలించలేదనీ గాంధీజీ నిర్మొహమాటంగా రాశారు. ఇది చదివినప్పుడు నాకు మూడు గంటల కథ కన్నా నాలుగేళ్ల కథ ఎక్కువ అనిపించింది.

కాంగ్రెస్ మహాసభలు అప్పట్లో డిసెంబరు చివరి వారంలో జరిగేవి. ప్లీడర్లు నడిపే సంస్థ కదా, కోర్టులకు క్రిస్మస్ సెలవులిస్తే గానీ వాళ్లకు తీరిక చిక్కదు. డెల్టా రైతుకు అవి వరి కుప్పల రోజులు. నూర్పిళ్లు ఒకపక్క, ధనుర్మాసం మంచు ఇంకోపక్క. 1917 కలకత్తా, 1918 ఢిల్లీ, 1919 అమృత్‌సర్, 1920 నాగపూర్. బందరు నుంచి అమృత్‌సర్ వెళ్లాలంటే ఇప్పటిలాగా బెజవాడలో ఎక్కి బల్లార్షా మీదుగా పోవడానికి లేదు. ఆ లైను 1929 దాకా పూర్తికాలేదు. సికింద్రాబాదు మీదుగా వాడి దాకా పోయి, అక్కడి నుంచి దేశమంతా చుట్టుతిరిగి పోవాలి. జలియన్‌వాలాబాగ్ నెత్తురు ఆరని ఏడాది, పంజాబు చలి. అలాంటి సభలకు ఒక తెలుగు మేష్టారు చిన్న పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లి, దేశానికో జెండా కావాలయ్యా అని పెద్దల వెంటపడుతున్నారు. పెద్దలు అవునవును అంటున్నారు, తమ తీర్మానాల్లోకి వెళ్లిపోతున్నారు. ‘ఏం పంతులు గారూ, ఈ ఏడు కూడా ప్రయాణమేనా?’ అని బందరు స్టేషన్లో ఎవరో ఒకరు అడిగే వుంటారు.

ఆ చిన్న పుస్తకం 1916లో బందరులోనే అచ్చయింది. మన దేశానికి ఒక జాతీయ పతాకం అన్నది దాని విషయం. ఇతర దేశాల జెండాల వివరాలతో పాటు మనకు సరిపడే నమూనాలు ముప్ఫై దాకా అందులో వున్నాయి. ఆ ముప్ఫైలో ఒక్కటీ జెండా కాలేదు. అడిగినప్పుడు మూడు గంటల్లో చేసిచ్చినది అయింది. పదేళ్లు పైబడిన సాధన లేకుండా ఆ మూడు గంటలు ఎవరికీ చాలవు. చేతికి అలవాటైన పని కాబట్టే అడిగీ అడగ్గానే చేతిలోంచి వచ్చింది.

భట్లపెనుమర్రు ఆయన సొంతూరు. 1876లో పుట్టారు. బందరు హిందూ హైస్కూల్లో చదువు. పంతొమ్మిదేళ్లకే సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లారు. గాంధీజీ పరిచయం అక్కడే. తిరిగొచ్చాక రైల్వే గార్డు ఉద్యోగం, ప్లేగు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. అవేవీ నిలవలేదు. 1906 డిసెంబరులో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన కలకత్తా కాంగ్రెస్ జరిగినప్పుడు వెళ్లారు. జెండా పిచ్చి పట్టింది అక్కడేనంటారు. లాహోర్ వెళ్లి ఉర్దూ, జపనీసు నేర్చుకున్నారు. 1913లో బాపట్లలో జపనీసు భాషలో ఉపన్యాసం ఇచ్చి ‘జపాన్ వెంకయ్య’ అయ్యారు. బందరు కళాశాలలో వ్యవసాయం, చరిత్ర చెప్పారు, పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పారు. తర్వాతి కాలంలో రాళ్ల మీద పడ్డారు. నెల్లూరు అభ్రకం, వజ్రాలు, ఆ వివరాలతో ‘వజ్రపు తల్లిరాయి’ అనే పుస్తకం. దాంతో ‘డైమండ్ వెంకయ్య’. మనిషి ఒక్కడు, ఊళ్లోవాళ్లు పెట్టిన పేర్లు మూడు. నాలుగోది, జెండా వెంకయ్య అన్నది, అన్నిటినీ మింగేసింది.

1921 డిసెంబరులో అహమ్మదాబాద్ కాంగ్రెస్‌లో ఆ మూడు రంగుల జెండా ఎగిరింది. కాగితం మీద ఆమోదం ఏదీ లేదు. జనం ఆమోదించారు, అంతే. 1929 డిసెంబరు 31 అర్ధరాత్రి లాహోర్‌లో, రావి ఒడ్డున, పూర్ణ స్వరాజ్యం తీర్మానమయ్యాక నెహ్రూ ఎగరేసిందీ ఆ మూడు రంగుల జెండానే. చలికి పేద ప్రతినిధులు పడ్డ పాట్లు చూసి, ఇకమీదట మహాసభలు డిసెంబరులో వద్దని అక్కడే నిర్ణయించారు. కాంగ్రెస్ చలికాలాన్ని వదులుకుంది. అయితే పోతూపోతూ చలికాలంలోనే ఒక తేదీని నాటింది.

1930 జనవరి 26. ఆదివారం. జనానికి తీరిక వుండాలని నెల చివరి ఆదివారాన్ని ఎంచుకున్నారు. గాంధీజీ నియమాలు విచిత్రంగా వున్నాయి. ఉపన్యాసాలు వద్దు. ప్రతిజ్ఞను ఎవరి భాషలో వాళ్లకు చదివి వినిపించాలి, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తాలి, మిగతా రోజంతా నూలు వడకడం లాంటి పనుల్లో గడపాలి. ఉపన్యాసం లేని సభ! మన ప్రాంతంలో అది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

అయినా ఆ ప్రతిజ్ఞలో ఉపన్యాసాన్ని మించిన లెక్కలున్నాయి. భారతీయుడి సగటు ఆదాయం రోజుకు ఏడు పైసలని, కట్టే పన్నుల్లో ఇరవై శాతం రైతు శిస్తు నుంచే వస్తోందని, మూడు శాతం ఉప్పు పన్ను అని చదువుతున్నారు. కృష్ణా డెల్టాలో ఆ మాటలు వింటున్నవాడి పరిస్థితి ఏమిటి? అప్పుడే కృష్ణా–గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో శిస్తు పెంచారు. నూటికి పద్దెనిమిది ముప్పావు వంతు. పల్లెలో చెప్పుకునే లెక్కలో రూపాయికి మూడణాలు. కుప్పలు నూర్చి, గింజలు కొలిచి, పొలంలో మినుము మొలకెత్తిన రోజులు. చేతిలో డబ్బు ఆడే ఆ కొద్ది వారాల్లోనే శిస్తు వసూలు కూడా. స్వరాజ్యమంటే ఏమిటో రైతుకు వేరే వివరించాల్సిన పని లేదు. మూడణాల దగ్గర అర్థమైంది.

ఆ ఏడాది ఎండాకాలానికి ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మే నెలలో బందరు కోనేరు సెంటర్లో జెండా ఎత్తడానికి వీల్లేదని పోలీసులు కాపలా పెట్టారు. తోట నరసయ్య నాయుడు అనే పహిల్వాను జెండాతో ముందుకు వెళ్లాడు. లాఠీలు పడ్డాయి. చేతిలో జెండా వదల్లేదు. మళ్లీ పడ్డాయి. స్పృహ తప్పిందాకా కొట్టారు. గోదా తెలిసిన మనిషి. ఎదుటివాణ్ణి పడెయ్యడం ఆయన విద్య. ఆ రోజు ఒక్కడినీ ముట్టుకోలేదు. పట్టు మాత్రం పహిల్వాను పట్టే. డెల్టా ఉద్యమ చరిత్రలో నాకు అన్నిటికన్నా తెలుగు అనిపించే ఘట్టం ఇది. బలం చాలా వుంది, వాడింది మాత్రం ఒక గుడ్డముక్కను వదలకుండా వుండడానికి. బందరు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటుంది. మిగతా దేశం ఎప్పుడు వింటుందో.

1931లో ఇంకో తమాషా జరిగింది. జెండా రంగులకు మతాలు అంటగట్టారన్న గొడవ ముదిరితే, కరాచీ కాంగ్రెస్ ఏడుగురితో ఒక కమిటీ వేసింది. పటేల్, నెహ్రూ, ఆజాద్ లాంటి వాళ్లున్న ఆ కమిటీకి కన్వీనరు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. బందరు డాక్టరే. వెంకయ్య గారు పాఠాలు చెప్పిన జాతీయ కళాశాలను నిలబెట్టిన ముగ్గురిలో ఒకరు. ఆ కమిటీ అందరి అభిప్రాయాలూ సేకరించి తేల్చిందేమిటంటే, మూడు రంగులూ వద్దు, జెండా అంతా ఒకటే కేసరి రంగులో వుండాలి, పైమూల రాట్నం వుంటే చాలు. ఒక బందరాయన చేసిన జెండాను ఇంకో బందరాయన సంతకంతో తీసెయ్యబోయారన్నమాట! ఆగస్టులో బొంబాయిలో కూర్చున్న అఖిల భారత కమిటీ ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో నీలి రాట్నం ఖాయం చేసింది. రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా స్పష్టంగా రాసింది. పదేళ్ల క్రితం బెజవాడలో ఆలస్యమైన ఆమోదం అప్పటికి దొరికింది.

1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నాన్ని తీసి అశోకుడి ధర్మచక్రం పెట్టింది. ఆ చివరి రూపం విషయంలో సురయ్యా త్యాబ్జీ పేరు చెప్పే చరిత్రకారులు వున్నారు. దీని మీద మనవాళ్లు ఏటా ఆవేశపడుతుంటారు. ఎందుకో నాకు తెలియదు. హంసరాజ్ రాట్నం ఇచ్చారు, గాంధీజీ తెలుపు ఇచ్చారు, బొంబాయి కమిటీ కాషాయం ఇచ్చింది, సారనాథ్ స్తంభం చక్రం ఇచ్చింది. ఇంతమంది చేతులు పడ్డ గుడ్డ మీద ఇంకో పేరు చేరితే వెంకయ్య గారికి తగ్గేదేమీ లేదు. జెండా కావాలన్న మాట ఎవరికీ పట్టనప్పుడు పట్టినవాడాయన. ఆ చోటుకు పోటీ లేదు.

1950 జనవరి 26న గణతంత్రం వచ్చింది. రాజ్యాంగం అంతకు ముందు నవంబరు 26నే ఆమోదం పొందినా, 1930 నాటి ఆ ఆదివారం కోసమే రెండు నెలలు ఆగారు. డెల్టాలో ఆ మొదటి పండగ అందరి ఇళ్లలోనూ ఒకేలా జరగలేదు. ఆర్నెల్ల కిందటే, 1949 జులైలో, కమ్యూనిస్టుల కోసం వెతుకుతూ కాటూరు, యలమర్రు గ్రామాల మీద స్పెషల్ పోలీసులు పడ్డారు. మగవాళ్ల బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. కమ్యూనిస్టు పార్టీ మద్రాసు రాష్ట్రంలో నిషేధంలో వుంది. ఉప్పు సత్యాగ్రహంలో జెండా పట్టుకున్న చేతుల్లో కొన్ని ఆ జనవరిలో జైళ్లలో వున్నాయి. గణతంత్ర దినోత్సవ సభల్లో ఈ ముక్క ఎవరూ చదవరు. చదివితే జెండాకు మచ్చ పడుతుందని భయం కాబోలు. ఆ ఊళ్లవాళ్లు రెండేళ్ల తర్వాత అదే జెండా కింద వరసలో నిలబడి ఓట్లేశారు. కృష్ణా జిల్లా నుంచి కమ్యూనిస్టులను గెలిపించి మద్రాసు అసెంబ్లీకి పంపారు. మచ్చను దాచిపెట్టడం కన్నా ఇది చెప్పుకోవడమే జెండాకు గౌరవం.

ఇప్పుడు 1963లోకి వద్దాం.

ఆ సంక్రాంతికి దేశం మనసు బాగాలేదు. నవంబరులో చైనా యుద్ధం ఓటమితో ఆగింది. రక్షణ నిధికి ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసిచ్చారు. జనవరి రెండో వారంలో మొరార్జీ దేశాయి బంగారం నియంత్రణ తెచ్చారు. పద్నాలుగు కారట్లు మించిన నగ కొత్తగా చెయ్యకూడదు. పండగ ముందు పుస్తెల పని చేతినిండా వుండాల్సిన కంసాలి కుంపట్లు చల్లారాయి. సినిమా హాళ్లలో, బళ్లలో, వీధి సభల్లో ఎక్కడ చూసినా జెండా. ఆ జనవరి 27న ఢిల్లీలో లతా మంగేష్కర్ పాడిన పాటకు నెహ్రూ కళ్లు చెమ్మగిల్లాయని మనకు తెలుసు.

బెజవాడకు అప్పుడొక సంగతి గుర్తొచ్చింది. ఇంత మంది ఎగరేస్తున్న ఈ జెండాను చేసిన మనిషి మన ఊళ్లోనే, చిట్టినగర్‌లో వున్నాడని. ఎనభై ఆరేళ్లు. సైన్యంలో పనిచేసినందుకు ఇచ్చిన జాగాలో గుడిసె వేసుకుని వుండేవారంటారు. కొండవాలు పక్కన ఇరుకు సందులు, రైలు కూతలు. చేతిలో డబ్బు లేదు. పత్తి తెచ్చిన పేరు మిగిలింది, పత్తి మిగల్లేదు. వజ్రాల మీద పుస్తకం మిగిలింది, వజ్రం మిగల్లేదు.

జనవరి 15న సన్మానం. సంక్రాంతి మర్నాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ పెద్దాయన్ను కదిలించారు. డాక్టర్ కె.ఎల్. రావు గారు ముందు నిలిచినవారిలో ఒకరు. కంకిపాడులో పుట్టిన ఇంజనీరు, ఆనకట్టల మేధావి, ఏడాది కిందటే విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. టి.వి.ఎస్. చలపతిరావు, కాట్రగడ్డ శ్రీనివాసరావు లాంటి పట్టణ ప్రముఖులు కలిసి నిధి వసూలు చేసి వెంకయ్య గారి చేతిలో పెట్టారు.

ఆ సభ ఎలా వుండి వుంటుంది? శాలువా వుంటుంది, దండలుంటాయి. అప్పటి బెజవాడలో ఏ సభకైనా మైకు కీచుమనడం ఖాయం. వేదిక మీద పెద్దాయన ఎటు చూసి వుంటారు? నాకు ఆ వేదిక మీద వున్నవారి కన్నా లేనివారే కనపడుతున్నారు. 1921లో బెజవాడ సభల బరువు మోసిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఏడాది కిందటే, 1962 ఫిబ్రవరిలో పోయారు. పట్టాభి 1959 డిసెంబరులో పోయారు. రామదండు గోపాలకృష్ణయ్య పోయి ముప్ఫై అయిదేళ్లు కావస్తోంది. కళాశాలను కట్టిన కోపల్లె హనుమంతరావు 1922లోనే పోయారు, కృష్ణా పత్రిక ముట్నూరి కృష్ణారావు 1945లో. ఆ మూడు గంటలను కళ్లారా చూసి, అవునండీ నేనూ వున్నాను అని చెప్పగలిగినవాళ్లు ఆ సభలో ఎంతమంది మిగిలారు? సన్మానం చేసేవాళ్లంతా కథ విన్నవాళ్లు. కథలో వున్నవాడు ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు.

కె.ఎల్. రావు గారిని, మిగతావాళ్లను తప్పుపట్టడానికి లేదు. గుర్తుపెట్టుకున్నది వాళ్లే. నలభై రెండేళ్లలో ప్రభుత్వాలు చెయ్యని పని పట్టణం చందాలెత్తి చేసింది. చందా బెజవాడకు కొత్తకాదు. 1921లో తిలక్ నిధికి ఎత్తింది, 1962లో రక్షణ నిధికి ఎత్తింది. ఈ మూడోది ఒక మనిషి బియ్యానికీ మందులకూ.

ఆర్నెల్లు తిరక్కుండా, 1963 జులై 4న ఆయన పోయారు. చివరి రోజుల్లో ఒక కోరిక చెప్పారంటారు. తన దేహం మీద మూడు రంగుల జెండా కప్పమని, శ్మశానం చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమని. ఈ కోరికను కన్నీళ్లతో చెప్పేవాళ్లను విన్నాను. నాకు దాంట్లో పాత సిపాయి కనపడతాడు. చితి మీద జెండా కాలకూడదన్నది ఆయనకు తెలుసు. అందుకే ముందే తియ్యమన్నారు. కిందపడకూడదనీ తెలుసు, అందుకే చెట్టు చూపించారు. దేహంపై జెండా కప్పడం ప్రభుత్వ, సైనిక లాంఛనాల అంత్యక్రియలకే చెల్లుతుందని జెండా నియమావళి అంటుంది. చందాలతో బతికిన మాజీ సైనికుడికి ఏ లాంఛనం కిందికి చోటు? అడక్కుండానే అడిగారు.

తర్వాత గౌరవాలు వరసకట్టాయి. 2009లో తపాలా బిళ్ల. 2015 జనవరిలో విజయవాడ ఆకాశవాణి ఆవరణలో విగ్రహం. 2021 మార్చిలో, బెజవాడ సమావేశానికి నూరేళ్లు నిండుతున్న నెలలో, ముఖ్యమంత్రి మాచర్ల వెళ్లి ఆయన కుమార్తెను సత్కరించి 75 లక్షల రూపాయలిచ్చారు. మరుసటి ఏడు ఆయన జయంతికి ఢిల్లీలో పెద్ద ఉత్సవం, ఇంటింటా జెండా. ఆ కుమార్తె అంతకు కొద్దిరోజుల ముందే, నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

జనవరి 26న మన బళ్లలో పిల్లలకు చెప్పే కథలో ఇప్పుడు వెంకయ్య గారున్నారు, బాగానే వుంది. మూడు గంటల మాటే చెబుతారు. నాలుగు డిసెంబర్లు రైళ్లెక్కి వెళ్లి, గాంధీజీ అంతటివాడికే నచ్చక, తిరిగొచ్చి మళ్లీ వెళ్లిన మాట కూడా చెబితే ఎలా వుంటుంది? లెక్కల పరీక్షలో మార్కులు రాని పిల్లాడికి, బొమ్మ గీసి మేష్టారితో తిట్లు తిన్న పిల్లకు ఆ రెండో కథ ఎక్కువ పనికొస్తుందేమో. ముప్ఫై నమూనాలు కొట్టేయించుకున్న మనిషి అంటే వాళ్లకు మనవాడనిపిస్తాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్వతంత్ర భారతంలో మామూలు పౌరుడు తన ఇంటి మీద జెండా ఎగరేయాలంటే చాలా కాలం కొన్ని జాతీయ దినాల్లోనే కుదిరేది. నవీన్ జిందాల్ అనే పారిశ్రామికవేత్త కోర్టుకెక్కాక, 2002 జనవరి 26 నుంచి అమలైన కొత్త నియమావళి ఏ రోజైనా సరే అంది. కాబట్టి 1963 జనవరి 15న శాలువా మడతపెట్టుకుని చిట్టినగర్ చేరిన పెద్దాయనకు, తను గీసిన జెండాను తన గుమ్మం మీద కట్టుకోవాలనిపించినా, ఇంకో పదకొండు రోజులు ఆగాల్సిందే.